షుగర్ అని తేలాక: మాత్రలు, మెంతులు, మీటరు

మా అమ్మకు షుగర్ అని తేలిన వారానికల్లా మా ఇల్లు మూలికల కొట్టులా తయారైంది. మేనత్త మెంతుల పొడి పంపింది. ఎదురింటి పిన్నిగారు రోజూ పొద్దున్నే గ్లాసుడు కాకరకాయ రసం తెచ్చి ఇచ్చేవారు. పాలు పోసే అతను 'ఇన్సులిన్ మొక్క' కొమ్మ ఒకటి తెచ్చి కుండీలో గుచ్చి వెళ్ళాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో వేగిస చెక్క గ్లాసు ఫొటో పెట్టారు. ఎవరూ చెడు కోరి చెప్పలేదు. ఇన్ని ఉండగా ఈ మాత్రలెందుకు అనుకుందేమో, అమ్మ వాటిని మెల్లగా మానేసింది, ఎవరికీ చెప్పకుండా. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ 260.

ఆ కోపంలో నేను మొక్క పీకి పారేశాను, మెంతుల డబ్బా అటక మీద పడేశాను. అదీ తొందరపాటే. వాటిలో కొన్నింటికి కాస్తో కూస్తో పని చేసే గుణం ఉంది, కొన్నింటికి లేదు, ఒకటి రెండింటితో ప్రమాదం కూడా ఉంది. ఏది ఏదో తేల్చుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. కొత్తగా షుగర్ బయటపడినవాళ్ళకూ, ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ చూసుకునేవాళ్ళకూ ఆ కాలం కలిసిరావాలని ఇది రాస్తున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక ఇంట్లో చేయాల్సిన పనులివి. డాక్టరు అక్కర్లేని వైద్యం అనుకోకండి.

1. ముందు రిపోర్టు చదవడం నేర్చుకోండి

షుగర్ ఉందని చెప్పడానికి మూడు అంకెలు చూస్తారు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా చేసిన పరగడుపు పరీక్షలో 126 లేదా అంతకంటే ఎక్కువ. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగిన రెండు గంటలకు 200 లేదా ఎక్కువ. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 6.5 శాతం లేదా ఎక్కువ. అతిదాహం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం, బరువు తగ్గిపోవడం లాంటి లక్షణాలుంటే ఏ వేళ చేసినా 200 దాటిన ఒక్క పరీక్ష చాలు. లక్షణాలేమీ లేకపోతే మాత్రం ఇంకోసారి పరీక్ష చేయించి ఖాయం చేసుకోవాలి. ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం మందులని బెంగపడనక్కర్లేదు, అలాగని 'ల్యాబ్ వాళ్ళు తప్పు చేసుంటార్లే' అని ఆర్నెల్లు ఊరుకోనూ కూడదు.

పరగడుపున 100 నుంచి 125 మధ్య, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే 'బార్డర్‌లో ఉంది' అంటారు. మన దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉంటే, ఈ బార్డర్‌లో ఉన్నవాళ్ళు పదమూడున్నర కోట్ల మంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశమంతా చేసిన సర్వేలో తేలి 2023లో అచ్చయిన లెక్క ఇది. బార్డర్‌లో ఉన్నవాళ్ళకు అదృష్టం ఇంకా చేతిలోనే ఉంది. 2006లో వెలువడిన భారతీయ అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో షుగర్‌గా మారే ముప్పు 28 శాతం దాకా తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవాళ్ళలోనూ దాదాపు అంతే తగ్గింది.

హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు. ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తారు కాబట్టి నిన్న తిన్న లడ్డూ దీన్ని మార్చదు. అయితే దీనికీ ఒక లోపం ఉంది. ఒంట్లో ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తకణాలు త్వరగా విరిగిపోయే జబ్బులుంటే తక్కువ చూపిస్తుంది. రక్తహీనత మన ఆడవాళ్ళలో ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కనే పెట్టుకుని చూడమని డాక్టరును అడగండి.

2. ఏ రకం షుగరో అడగండి

పెద్దవాళ్ళలో ఎక్కువమందికి వచ్చేది టైప్ 2. ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, ఒళ్ళు దాని మాట సరిగా వినదు. ఏళ్ళు గడిచేకొద్దీ తయారీ కూడా తగ్గుతుంది. మనవాళ్ళలో లావుగా లేనివాళ్ళకూ ఇది వస్తుంది, ఎందుకంటే మన కొవ్వు పొట్ట దగ్గర పేరుకుంటుంది. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలని భారతీయులకు పెట్టిన హద్దు. కుట్టుపని టేపు తీసుకుని బొడ్డు చుట్టూ ఒకసారి కొలుచుకోండి.

టైప్ 1 ఎక్కువగా పిల్లల్లో, కుర్రవాళ్ళలో వస్తుంది. వీళ్ళ ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. ఇక్కడ మూలికల మాటే వద్దు. పసరు మందు ఇస్తామని ఎవరైనా చెప్పి ఇన్సులిన్ ఆపిస్తే రోజుల్లోనే బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్ లేని రోజుల్లో టైప్ 1 అంటే మరణమే. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు, అక్కడి నుంచే కథ మారింది.

గర్భిణులకు వచ్చే షుగర్ వేరే సంగతి. అందులో సొంత ప్రయోగాలు ఒక్కటీ వద్దు.

3. మీరు మింగే మాత్ర ఏం చేస్తుందో తెలుసుకోండి

'రాత్రి పుల్కాలు రెండే తిన్నాను, పొద్దున షుగర్ 180 ఎలా వచ్చింది?' అని మా అమ్మ ల్యాబ్ అబ్బాయితో పోట్లాడేది. జవాబు లివర్ దగ్గర ఉంది. మనం నిద్రపోతుంటే మెదడు పస్తుండకూడదని లివర్ రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో అది మోతాదు మించి వదులుతుంది. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా ఆ లివర్‌నే అదుపు చేస్తుంది. అందుకే సాధారణంగా మొదట రాసేది అదే.

'ఇంగ్లీషు మందు వద్దు, మూలికే కావాలి' అనేవాళ్ళకు నేనొకటి చెబుతుంటాను. మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా మొక్క నుంచే. యూరప్‌లో గలేగా అనే పచ్చిక మొక్కను పాతకాలం నుంచి నాటువైద్యంలో వాడేవారు. అందులో షుగర్ తగ్గించే పదార్థం ఉందని తేలింది, కానీ అది విషపూరితం కూడా. దానికి దగ్గరి బంధువులాంటి, నెమ్మదైన మందును 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. 1957లో ఫ్రాన్స్‌లో స్టెర్న్ అనే వైద్యుడు రోగుల మీద వాడి ఫలితాలు ప్రకటించాడు. ఇప్పుడు చాలామంది వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులకు మూలం ఆపిల్ చెట్టు బెరడు. అందులోని ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని 1835లోనే వేరుచేశారు. మూలికలోంచి పనిచేసే ముక్కను పట్టుకుని, విషం తగ్గించి, మోతాదు కొలిచి ఇస్తే దాన్నే మనం 'ఇంగ్లీషు మందు' అంటున్నాం.

మెట్‌ఫార్మిన్ భోజనంతో పాటు వేసుకోండి. మొదట్లో కడుపులో తిప్పడం, విరేచనాలు ఉంటే మానేయకుండా, నెమ్మదిగా కరిగే రకం మాత్ర రాయమని అడగండి. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గుతుంది, అరికాళ్ళు మంటలంటే షుగర్ వల్లేనని తేల్చేయక ముందు బి12 పరీక్ష చేయించండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు ఈ మందు పనికిరాదు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ మాత్రలు ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌ను (క్లోమాన్ని) ఒత్తి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తాయి. మీరు తిన్నారా లేదా అన్నది వీటికి పట్టదు. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటివి సాధువైనవి, ఒంటరిగా వాడితే షుగర్ పడిపోవడం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మూత్రంలోంచి చక్కెరను బయటికి పంపిస్తాయి, గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయి. మర్మాంగాల దగ్గర దురద వస్తే సిగ్గుపడకుండా చెప్పాలి. ఉపవాసం ఉండాలన్నా, ఆపరేషన్ ఉన్నా, వాంతులతో పడుకున్నా వీటి గురించి డాక్టరును ముందే అడగాలి. వారానికోసారి తీసుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆకలి తగ్గించి బరువు కూడా దించుతాయి. ఖరీదు మాట అలా ఉంచి, అవి అందరికీ కాదు.

ఇన్సులిన్ రాశారంటే 'ఆఖరి దశ' అని కాదు. వాడేవాళ్ళు ఒక్క సంగతి తప్పక చూసుకోవాలి. మన దేశంలో మామూలు సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజీ. 100 యూనిట్ల సీసాకు నారింజ రంగు మూత సిరంజీ. ఒకదానికి ఇంకోటి వాడితే మోతాదు రెండున్నర రెట్లు తారుమారవుతుంది. మెడికల్ షాపులో సిరంజీ కొనేటప్పుడు సీసా వెంట తీసుకెళ్ళండి. కొత్త సీసా ఫ్రిజ్‌లో తలుపు దగ్గర ఉండాలి, ఫ్రీజర్‌లో గడ్డకడితే పారేయడమే. ఫ్రిజ్ లేకపోతే మట్టికుండలో తడి ఇసుక పోసి, సీసాను కవరులో చుట్టి అందులో పెట్టొచ్చు.

4. మీటరు కొని, సరిగ్గా వాడండి

చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకున్నాకే గుచ్చుకోవాలి. మామిడిపండు కోసిన చేత్తో గుచ్చుకుంటే అది మామిడి షుగర్‌నే చూపిస్తుంది. మా ఇంట్లో ఒకసారి 310 వచ్చి అందరం హడలిపోయాం, చెయ్యి కడిగి మళ్ళీ చూస్తే 168. వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి.

మందులు వాడే చాలామందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంటే బాగున్నట్టు. పెద్ద వయసువాళ్ళకు, ఒంటరిగా ఉండేవాళ్ళకు డాక్టర్లు ఇంకాస్త పట్టువిడుపు ఇస్తారు, ఎందుకంటే వాళ్ళకు షుగర్ పెరగడం కంటే పడిపోవడమే ఎక్కువ ప్రమాదం. మీటరులో పదిహేను శాతం దాకా తేడా సహజం. 140 ఒకరోజు, 150 మరోరోజు వచ్చిందంటే ఏమీ మారలేదని అర్థం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మూలికల దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

అంకెలు ఫోనులో కాకుండా ఒక నోటుపుస్తకంలో రాయండి. పక్కనే ఏం తిన్నారో రెండు ముక్కలు.

5. కంచం సర్దుకోండి

అన్నం మానేయమని నేను చెప్పను, చెప్పినా మనవాళ్ళు పది రోజుల్లో మళ్ళీ కుక్కర్ పెట్టేస్తారు. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్, శనగలు. మిగిలిన పావు అన్నమో జొన్నరొట్టో. తినే వరస కూడా లెక్కే. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర అంత ఎత్తుకు లేవదు.

రాగుల గురించి ఒక మాట. రాగిజావ తాగితే షుగర్ తగ్గుతుందని ఊరంతా నమ్ముతుంది. మెత్తటి పిండి, నీళ్ళలో ఉడికింది, నమిలే పని లేదు. త్వరగా అరిగి త్వరగా రక్తంలో చేరుతుంది. మా అమ్మకు గ్లాసుడు రాగిజావ తర్వాత వచ్చిన అంకె ఇడ్లీలకు ఏమాత్రం తీసిపోలేదు. అదే పెసరట్టు రెండు తిన్న రోజు ఎంతో నయం. పెసల్లో మాంసకృత్తులు, పీచు ఉన్నాయి మరి. ఉప్మా లేని పెసరట్టు అని వేరే చెప్పాలా? కొర్రలు, అరికలు అన్నంలా వండుకుంటే మంచివే, అలాగని రెండింతలు తింటే మళ్ళీ మొదటికే.

బెల్లం, తేనె, తాటిబెల్లం, పటికబెల్లం అన్నీ చక్కెర చుట్టాలే. 'బెల్లం టీ పర్వాలేదు' అని ఇంకా ఎన్ని ఇళ్ళలో వింటున్నానో.

6. తిన్నాక నడవండి

వారానికి 150 నిమిషాలన్నది అందరికీ తెలిసిన లెక్క. దాన్ని పొద్దున్నే ఒకేసారి చేయలేకపోతే, మూడు పూటలా తిన్న అరగంటలోపు పది నిమిషాలు వసారాలోనో మేడ మీదో తిరగండి. భోజనం తర్వాత పైకి లేచే షుగర్‌ను కండరాలు అప్పుడే లాగేసుకుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకేనేమో దీన్నెవరూ వాట్సాప్‌లో పంపరు.

7. షుగర్ పడిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి

మూలికల జోలికి వెళ్ళే ముందు ఇది తెలిసి ఉండాలి. చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు, మాట తడబడటం వచ్చి మీటరులో 70 కంటే తక్కువుంటే అది లో షుగర్. మీటరు దొరక్కపోయినా ఆగొద్దు. మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి లేదా పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక బిస్కెట్లో అన్నమో తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి.

మాత్ర పట్టీ మీద 'వోగ్లిబోస్' అనో 'అకార్బోస్' అనో ఉందేమో చూడండి. మన దగ్గర గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిపిన మాత్ర చాలామందికి రాస్తారు. వోగ్లిబోస్ పంచదార అరగడాన్ని ఆలస్యం చేస్తుంది. కాబట్టి వీళ్ళకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. ఒక ప్యాకెట్ ఇంట్లో, ఒకటి చేతిసంచీలో ఉంచుకోండి.

8. ఇక మూలికలు

మన పెద్దలకు ఈ జబ్బు కొత్తది కాదు. తేనెలా తియ్యటి మూత్రమని పేరులోనే చెప్పి మధుమేహం అన్నారు. చీమలు పట్టడం గమనించారు, యవలు తినమన్నారు, నడవమన్నారు. ఆ గమనింపు గొప్పది. దాన్ని అడ్డుపెట్టుకుని ఎవరో డబ్బాలో పొడి పోసి అమ్ముకోవడం వేరు.

*మెంతులు.* ఉన్నవాటిలో ఎక్కువ ఆధారం దీనికే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1980ల నుంచి మనుషుల మీద పరీక్షలు చేశారు, షుగర్ తగ్గిందని చూపించారు. కారణం కూడా సూటిగా ఉంది. మెంతుల్లోని జిగురు పీచు పేగుల్లో ఉబ్బి చక్కెర రక్తంలో కలిసే వేగాన్ని తగ్గిస్తుంది. అయితే ఆ పరీక్షల్లో వాడింది రోజుకు 25 గ్రాములు, ఇంకా ఎక్కువ కూడా. మనం రాత్రి ఒక చెంచా నానేసి, పొద్దున ఆ నీళ్ళు తాగి గింజలు పారేస్తాం, అంటే అసలు సరుకు పారేస్తున్నాం. గింజలు నమిలి తినండి, లేదా పొడి చేసి మజ్జిగలోనో జొన్నపిండిలోనో కలపండి. ఒక చెంచాతో మొదలుపెట్టి మెల్లగా రెండు మూడు చెంచాల దాకా పోవచ్చు. గ్యాస్, విరేచనాలు వస్తే తగ్గించండి. మెంతులకూ, మీరు వేసుకునే థైరాయిడ్ మాత్రకూ ఇతర మాత్రలకూ మధ్య ఎడం ఉండాలి, ఎంతో డాక్టరును అడగండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా మందులా వాడొద్దు. పోపులో వేసుకునే మెంతుల గురించి కాదు ఈ మాట.

*కాకరకాయ.* చేదు తింటే తీపి విరుగుతుందన్న ఆలోచన వినడానికి బాగుంటుంది, మన నాలుకకు అర్థమయ్యే తర్కం. నాలుక లెక్కలు రక్తానికి వర్తించవు. మనుషుల మీద జరిగిన పరీక్షలను వడపోసిన, కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, టైప్ 2 షుగర్‌కు ఇది పనిచేస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. కూరగా మాత్రం దివ్యంగా ఉంటుంది. బెల్లం వేయకుండా పులుసు పెట్టుకోండి, నూనె తగ్గించి వేపుడు చేసుకోండి. గ్లిమిపిరైడ్ వేసుకుని పరగడుపున గ్లాసుడు రసం తాగే అలవాటు మాత్రం మంచిది కాదు. గర్భిణులు ఆ రసం తాగకూడదు.

ఇదే వరసలో సొరకాయ రసం గురించి గట్టిగా చెప్పాలి. సొరకాయ చేదుగా ఉంటే అది విషం. ఆ రసం తాగి రక్తపు వాంతులతో ఆస్పత్రి పాలైనవాళ్ళున్నారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు. ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ ఇదే హెచ్చరిక చేసింది. ముక్క కోసి నాలుకకు తగిలించి చూడండి, చేదుంటే కాయంతా పారేయండి. చేదైతేనే మందు అనుకునే మన నమ్మకం ఇక్కడ ప్రాణాలు తీసింది.

*పొడపత్రి.* ఈ ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకోండి, ఇసుక నమిలినట్టుంటుంది. తీపిని పట్టే నాలుక మొగ్గలను కాసేపు మూసేస్తుంది. స్వీట్ల మీద యావ తగ్గించుకోవడానికి ఇది పనికొస్తుందనిపిస్తుంది. షుగర్ తగ్గిస్తుందని చిన్న చిన్న పరీక్షలున్నాయి, పెద్దవి లేవు. మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. అరుదుగా లివర్ దెబ్బతిన్న సందర్భాలూ రికార్డయ్యాయి.

*నేరేడు గింజల పొడి, తంగేడు పూల కషాయం, వేపాకు.* వాడకం పాతది, మనుషుల మీద గట్టి పరీక్షలు తక్కువ. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీ మీద సరైన పద్ధతిలో పరీక్ష చేస్తే తేడా ఏమీ కనిపించలేదు. తంగేడు బతుకమ్మలో ఎంత అందంగా ఉంటుందో చెప్పక్కర్లేదు, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. షుగర్ మందుగా దాని గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

*వేగిస చెక్క గ్లాసు.* రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దునకు గోధుమరంగుకు తిరుగుతాయి. దీని మీద ఐసీఎంఆర్ పలు కేంద్రాల్లో పరీక్ష చేసి 1998లో ఫలితాలు ప్రచురించింది, కొత్తగా షుగర్ వచ్చినవాళ్ళలో కొంత ఆశాజనకంగానే వచ్చాయి. కానీ అందులో ఇచ్చింది కొలిచిన మోతాదు. బజారు గ్లాసు ఏ చెట్టుదో, మూడో వారానికి అందులో ఏం మిగులుతుందో ఎవరు కొలిచారు?

*ఇన్సులిన్ మొక్క.* ఆకులో ఇన్సులిన్ లేదు. ఒకవేళ ఉన్నా లాభం లేదు, ఇన్సులిన్ మాంసకృత్తి కాబట్టి పప్పు అరిగినట్టే కడుపులో అరిగిపోతుంది. అందుకే దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు.

*తిప్పతీగ.* కరోనా రోజుల్లో విపరీతంగా వాడారు. 2021లో ముంబయి వైద్యులు, ఇది వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ వాదనను ఒప్పుకోలేదు. నేనైతే లివర్ జబ్బున్నవాళ్ళ ఇంట్లో దీన్ని ఉంచను.

*దాల్చినచెక్క.* బజార్లో దొరికేది ఎక్కువగా కాసియా రకం. అందులోని కూమరిన్ అనే పదార్థం ఎక్కువైతే లివర్‌కు మంచిది కాదు. టీలో చిన్న ముక్క వేసుకోండి, చెంచాల కొద్దీ తినొద్దు.

ఇక పేరు లేని పొడులు. 'నలభై రోజుల్లో షుగర్ మాయం, తర్వాత మైసూర్‌పాక్ తినొచ్చు' అని అమ్మేవి. ఇలాంటి కొన్నింట్లో ఇంగ్లీషు షుగర్ మాత్రలే నూరి కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం దొరికాయి. 300 ఉన్న షుగర్ ఏదో పొడితో వారంలో 100కు దిగితే సంతోషించకండి, అనుమానించండి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 1954 నాటి మాయమందుల ప్రకటనల చట్టంలో ఇది ఉంది. టీవీలో ఆ ప్రకటన కనిపించిన ప్రతిసారీ ఆ చట్టం ఎక్కడ నిద్రపోతుందా అనిపిస్తుంది. ఆయుర్వేదమే వాడాలనుకుంటే చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ణి కలవండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. డబ్బా మీద లైసెన్సు నంబరు, దినుసుల జాబితా, తయారీ తేదీ లేకపోతే అది మందు కాదు.

9. మీ మూలిక మీకు పనిచేస్తుందో లేదో మీరే కొలవండి

మేము చివరికి చేసిన పని ఇది. టైప్ 1 వాళ్ళు, గర్భిణులు, కిడ్నీ, లివర్ జబ్బున్నవాళ్ళు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు. మిగతావాళ్ళు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి.

మొదటి రెండు వారాలు కొత్తదేమీ వాడకుండా అంకెలు మాత్రం రాయండి. వారానికి నాలుగు రోజులు పరగడుపున, రెండు రోజులు మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు. సగటు కట్టండి. తర్వాత ఒకే ఒక్క మూలిక మొదలుపెట్టండి, రెండు కాదు. మాత్రలు యథాతథం. తిండి, నడక కూడా అలాగే ఉంచాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మెంతులు మొదలుపెట్టిన రోజే స్వీట్లు మానేసి నడక మొదలుపెడతారు, షుగర్ తగ్గితే పేరు మెంతులకు పోతుంది. నాలుగు వారాలు అదే వరసలో కొలిచి మళ్ళీ సగటు కట్టండి. తేడా పదిహేను శాతం లోపుంటే మీటరు తేడా అనుకుని వదిలేయండి. మధ్యలో ఎప్పుడైనా 70 లోపు వచ్చినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగైనా ఆపేసి ఆస్పత్రికి వెళ్ళండి. షుగర్ నిజంగా తగ్గితే మాత్ర తగ్గించాల్సింది డాక్టరు, మీరు కాదు.

అమ్మ విషయంలో మెంతులు నిలిచాయి. తిన్న తర్వాతి అంకె కాస్త దిగింది, పరగడుపుది దాదాపు కదల్లేదు. కాకర రసం ఆగిపోయింది, పిన్నిగారు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఇప్పుడు రసం బదులు కాకరకాయలే పంపిస్తున్నారు.

10. పాదాలు, కళ్ళు, కిడ్నీలు

రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోండి. వంగలేనివాళ్ళు నేల మీద అద్దం పెట్టుకుని చూడొచ్చు. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలీదు. ఎండాకాలం గుళ్ళో ప్రదక్షిణలు చేసి అరికాళ్ళు బొబ్బలెక్కించుకున్నవాళ్ళను చూశాను, వాళ్ళకు ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. కాలినడకన తిరుమల మొక్కు ఉంటే తెల్లవారుజామున ఎక్కండి, మందపాటి సాక్సులు వేసుకోండి. వేడినీళ్ళ కాపడం వద్దు. ఆనికాయలు బ్లేడుతో కోసుకోవద్దు.

కంటి లోపలి పొర పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఇంకా కొలెస్ట్రాల్ ఏడాదికోసారి. బీపీ వెళ్ళిన ప్రతిసారీ. చూపు బాగానే ఉందిగా అని కంటి పరీక్ష వాయిదా వేయకండి, చూపు తగ్గేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. డబ్బు ఇబ్బందైతే పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానలో షుగర్, బీపీ మందులు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి షాపుల్లో అవే మందులు చవక.

11. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు సంచీలో ఏముండాలి

అంకెల నోటుపుస్తకం. పాత రిపోర్టులు తేదీల వరసలో. వాడుతున్న మాత్రల పట్టీలు, ఎందుకంటే 'తెల్లమాత్ర, పొద్దునది' అంటే ఏ డాక్టరుకూ అర్థం కాదు. అడగాలనుకున్న మూడు ప్రశ్నలు కాగితం మీద, ఎక్కువ రాస్తే ఒక్కదానికీ జవాబు దొరకదు. కార్తీక సోమవారాలో రంజాన్ ఉపవాసాలో దగ్గరపడుతుంటే అందులో ఒక ప్రశ్న మాత్రలు ఎలా మార్చుకోవాలనే ఉండాలి.

వాడుతున్న పొడి, కషాయం, లేహ్యం ఏదైనా ఉంటే ఆ డబ్బా కూడా పెట్టుకోండి. తిడతారని దాచొద్దు. మా అమ్మ మొదటిసారి మెంతుల డబ్బా బల్ల మీద పెట్టినప్పుడు ఆవిడకంటే నాకే భయమేసింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి, 'ఎన్ని చెంచాలు? ఏ పూట?' అని అడిగి, చీటీలో మెట్‌ఫార్మిన్ కింద రాసుకున్నారు.